షెడ్డు పోయింది, స్తంభాలు నిలిచాయి: బ్రూక్లిన్ బ్రిడ్జ్ పార్కు గురించి ఒక వైజాగ్ పోర్టు మనిషి

న్యూజెర్సీలో పిల్లల దగ్గరికి వచ్చే అమ్మానాన్నలకు చూపించే చోట్లు ముందే ఖరారైపోయి ఉంటాయి. లిబర్టీ విగ్రహం, టైమ్స్ స్క్వేర్, ఒక లాంగ్ వీకెండ్ చూసుకుని నయాగరా, ఆదివారం బ్రిడ్జ్‌వాటర్ వెంకన్న గుడి. వీటి మీద నాకేం పేచీ లేదు. కానీ ఆ జాబితాలో ఇంకొకటి చేర్చమని మన పిల్లలకు చెప్పదలచుకున్నాను. టికెట్ లేదు, లైను లేదు, ఎక్కడపడితే అక్కడ కూర్చోవచ్చు, అరిచే గైడు ఉండడు. ఈస్ట్ రివర్ ఒడ్డున, బ్రూక్లిన్ వంతెన కింద నుంచి దక్షిణంగా పోయే బ్రూక్లిన్ బ్రిడ్జ్ పార్కు. మొత్తం 85 ఎకరాలు, పొడవు సుమారు రెండు కిలోమీటర్లు.

నేనెవరో చెప్తే నా అభిప్రాయానికి ఎంత విలువ ఇవ్వాలో మీరే తేల్చుకుంటారు. విశాఖపట్నం పోర్టులో ఓడల్లో సరుకు ఎక్కించి దింపే ఒక స్టీవిడోరింగ్ కంపెనీ తరఫున టాలీ క్లర్కుగా చేసి రిటైరయ్యాను. ఓడలోంచి క్రేను తాళ్ల కట్టగా దిగిన ప్రతి స్లింగునీ, లారీ ఎక్కిన ప్రతి బస్తానీ లెక్కపెట్టి కాగితం మీద గీతలు గీయడం నా పని. కాబట్టి ఈ పార్కులో అందరూ మాన్‌హాటన్ మేడల వైపు ఫోన్లు ఎత్తుతుంటే నేను కాళ్ల కింద ఏముందా అని చూశాను. ఇది పార్కుగా పుట్టిన నేల కాదు, సరుకు దింపిన జెట్టీలు. పియర్ 1, పియర్ 2 అంటూ ఆరుదాకా ఇప్పటికీ పాత నంబర్లతోనే పిలుస్తున్నారు. ఆ ఒక్క పనితో సగం మార్కులు వేసేశాను. మన దగ్గరైతే నంబర్లు తీసేసి వరసగా ఆరుగురు నాయకుల పేర్లు పెట్టేవాళ్లు.

ఈ జెట్టీల కథ మా పోర్టువాళ్లకు చెప్పకుండానే అర్థమవుతుంది. బ్రూక్లిన్ ఒడ్డున పాతకాలంలో సన్నటి జెట్టీలు చేతివేళ్లలా నీళ్లలోకి చొచ్చుకుని ఉండేవి. కాఫీ, పంచదార వంటివన్నీ ఇక్కడే దిగేవి. 1950లలో న్యూయార్క్, న్యూజెర్సీ రేవులు చూసే పోర్ట్ అథారిటీ ఆ ఒడ్డు కొని, ఇరుకు జెట్టీలను పడగొట్టి, వాటి స్థానంలో వెడల్పాటి కొత్తవి కట్టింది. ఒక్కొక్కటి దాదాపు ఐదెకరాలు. పైన పెద్ద షెడ్డు, పక్కన ఓడ, మధ్యలో కళాసీలు. బస్తా, పీపా, పెట్టె ఏదైనా సరే మనిషి చెయ్యి పడందే కదిలేది కాదు.

అదే దశాబ్దంలో, 1956 ఏప్రిల్‌లో, ఇదే హార్బర్‌కి అవతలి ఒడ్డున ఉన్న నెవార్క్ నుంచి ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 కంటైనర్లు వేసుకుని హ్యూస్టన్‌కి బయల్దేరింది. బ్రూక్లిన్ కొత్త జెట్టీల కాంక్రీటు ఆరకముందే వాటి చావు కబురు న్యూజెర్సీలో రాసి పెట్టేశారన్నమాట. కంటైనర్‌కి కావలసింది షెడ్డు కాదు, పెట్టె మీద పెట్టె పేర్చడానికి మైదానం, లారీలు తిరగడానికి దారి. బ్రూక్లిన్‌లో జెట్టీకి వెనకే ఎత్తైన గట్టు, గట్టు మీద శతాబ్దం నాటి ఇళ్లు, గట్టును ఆనుకుని హైవే. యార్డుకి జాగా ఎక్కడిది? వ్యాపారం అవతలికి, నెవార్క్, ఎలిజబెత్ వైపు జరిగిపోయింది. 1983కల్లా ఈ జెట్టీల మీద సరుకు పని ఆగిపోయింది.

మా వైజాగ్‌లో కంటైనర్ టెర్మినల్ 2003లో వచ్చింది. ఒక ఓడకి ఎన్ని జట్ల కళాసీలు పడేవారో, ఆ తరవాత ఎంతమంది మిగిలారో కళ్లారా చూసినవాణ్ణి. "బాబూ, ఇక బస్తా మొయ్యక్కర్లేదంట, తిండి కూడా అక్కర్లేదనుకున్నారేటి?" అని మా మేస్త్రీ ఒకసారి అడిగాడు. మా పోర్టులో మాత్రం బొగ్గు, ఖనిజం వంటి సరుకులు ఉన్నాయి కాబట్టి ఓడలు ఆగే బెర్తులు ఖాళీ పడలేదు. ఇక్కడ పడ్డాయి.

ఖాళీ పడ్డ జాగాని ఎవరు ఊరుకుంటారు? పోర్ట్ అథారిటీ 1984లో ఈ జెట్టీలను రియల్ ఎస్టేట్‌కి అమ్మేద్దామనుకుంది. ఎదురుగా మాన్‌హాటన్, పక్కన బ్రూక్లిన్ బ్రిడ్జ్. అంతకంటే ఖరీదైన చూపు ప్రపంచంలో ఇంకెక్కడుంది? గట్టు మీద ఇళ్లవాళ్లు సంఘాలు పెట్టి అడ్డుపడ్డారు. మీటింగులు, ప్లాన్లు, మళ్లీ మీటింగులు. 2002లో రాష్ట్ర గవర్నరు, నగర మేయరు కలిసి పార్కు చేస్తామని సంతకాలు పెట్టారు. 2008లో పని మొదలై, 2010 మార్చిలో పియర్ 1 తెరిచారు. చివరి ముక్క, వంతెన కింద ప్లాజా, 2021 డిసెంబరుకి పూర్తయింది. అంటే జెట్టీ మూతపడ్డప్పుడు పుట్టిన పిల్లాడికి నలభై దగ్గర పడేదాకా పని సాగింది. ప్రభుత్వ పనులు మన దగ్గరే నత్తనడక నడుస్తాయనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి.

ఇక అసలు పార్కులోకి వద్దాం. డిజైన్ చేసినది మైఖేల్ వాన్ వాల్కెన్‌బర్గ్ సంస్థ. వాళ్లు చేసిన తెలివైన పని ఒకటుంది. బరువు ఎక్కడ ఆగుతుందో ముందు చూసుకుని, దాన్నిబట్టి ఎక్కడ ఏం పెట్టాలో నిర్ణయించారు. మా పోర్టులో కూడా బెర్తు చదరపు మీటరుకి ఎన్ని టన్నులు మోస్తుందో తెలియకుండా సరుకు పేర్చరు. పియర్ 1 మిగతావాటిలా స్తంభాల మీద నిలబడ్డది కాదు, నేల పూడ్చి చేసినది. అందుకే కొండలూ, పెద్ద చెట్లూ దాని మీదే. పియర్ 2, పియర్ 5 నీళ్లలో దిగిన కొయ్య స్తంభాల మీద ఉన్నాయి. వాటి మీద మట్టి గుట్టలు పోస్తే కూలిపోవూ? అందుకని అక్కడ బల్లపరుపు ఆటస్థలాలు. బరువైనవన్నీ ఒడ్డు వైపు గట్టి నేల మీదికి జరిపారు. చూడ్డానికి వచ్చినవాళ్లలో ఎంతమందికి ఇది తడుతుందో గానీ, నాకైతే ఒక్కో జెట్టీ మీద నడుస్తుంటే ఎవరో మా స్టోయేజ్ ప్లాన్, అంటే ఓడలో ఏ సరుకు ఎక్కడ పేర్చాలో రాసే కాగితం, చదివి వినిపిస్తున్నట్టే ఉంది.

పియర్ 1 కొండలకు వాడిన మట్టీ రాయీ ఎక్కడివో తెలుసా? గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ కిందికి లాంగ్ ఐలాండ్ రైళ్ల కోసం తవ్విన సొరంగం తాలూకువి. నీటికి ఎదురుగా మెట్లమెట్లుగా పేర్చిన పెద్ద పెద్ద గ్రానైటు దిమ్మలు రూజ్‌వెల్ట్ ఐలాండ్ వంతెనను బాగుచేసినప్పుడు ఊడదీసినవి. సాయంత్రం జనమంతా ఈ మెట్ల మీదే చేరతారు. మనమూ పోయి కూర్చోవచ్చు. కాకపోతే అక్టోబరు దాటాక ఆ రాయి ఎముకల్లోకి దిగే చల్లదనం. మోకాళ్ల బాధ ఉన్నవాళ్లు ఒక మందపాటి తువ్వాలు పట్టుకెళ్లండి.

బెంచీల గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. ఈ ఒడ్డునే ఒకప్పుడు నేషనల్ కోల్డ్ స్టోరేజ్ వాళ్ల గోదాములుండేవి. వాటిని కూల్చినప్పుడు వచ్చిన దూలాలు లాంగ్‌లీఫ్ ఎల్లో పైన్ అనే చెక్క. దక్షిణ రాష్ట్రాల్లో దాదాపు నరికేసి అయిపోగొట్టిన జాతి. ఆ దూలాలను కోసి బెంచీలు చేశారు. పట్టుకుని చూడండి. గీతలు దగ్గరదగ్గరగా, బిగుతుగా, ఎర్రటి తేనె రంగులో ఉంటాయి. నేను కూర్చున్న బెంచీ అంచున పాత బోల్టు దిగిన గుండ్రటి చిల్లు, దాని చుట్టూ తుప్పు మరక నల్లగా కమ్ముకుని ఉంది. ఇనుము పోయినా మచ్చ పోలేదు. నేను వేలు పెట్టి చూస్తుంటే మా ఆవిడ, "ఏవండీ, రిటైరై ఇన్నేళ్లయింది, ఇంకా సర్వే చేస్తున్నారా?" అంది. సర్వేయే మరి. చెక్క బాగుంది. ఇప్పుడు కొనాలన్నా దొరకదు.

పియర్ 1 దక్షిణం వైపు నీళ్లలో వందల కొయ్య స్తంభాలు మొండిగా నిలబడి కనిపిస్తాయి. పాత జెట్టీ పైభాగం పోయి మిగిలిన కాళ్లు అవి. పీకేయకుండా అలాగే వదిలేశారు, మంచి పని చేశారు. ఇంటర్నెట్‌లో చూసే మాన్‌హాటన్ ఫోటోల్లో సగం ఈ స్తంభాలను ముందు పెట్టి తీసినవే. ఈస్ట్ రివర్ పేరుకే నది. నిజానికి రెండు వైపులా సముద్రంతో కలిసే పాయ. ఆటుపోటుకి ప్రవాహమే దిశ మార్చుకుంటుంది. నీటిమట్టం నాలుగైదు అడుగులు పెరిగి తగ్గుతుంటుంది. నీళ్లు వెనక్కి తగ్గే పాటు సమయంలో వెళ్తే స్తంభాల మీద నాచు గీత ఎంతవరకుందో స్పష్టంగా చూడొచ్చు.

ఆ కొయ్య స్తంభాల దగ్గరే ఈ పార్కు అసలు ఖర్చు ఉంది. జెట్టీల కింద ఇలాంటివి 10,000కు పైగా ఉన్నాయి. ఒకప్పుడు ఈ నీళ్లు ఎంత మురికిగా ఉండేవంటే చెక్కను తొలిచే పురుగు కూడా బతికేది కాదు. 1972లో నీటి కాలుష్యం మీద గట్టి చట్టం వచ్చింది, నీళ్లు బాగుపడ్డాయి, చేపలు వచ్చాయి, వాటితో పాటే పురుగులూ వచ్చాయి. అవి కొయ్యను లోపల్నుంచి తినేస్తుంటే స్తంభాల చుట్టూ కాంక్రీటు తొడుగులు వేయించుకుంటూ రావలసి వస్తోంది. నీళ్లు శుభ్రపడితే జెట్టీకి చేటు. మా వైపు పడవలవాళ్లకు ఈ పురుగు బాధ బాగా తెలుసు, వాళ్లకు చెప్తే నవ్వుతారు.

ఈ ఖర్చుకి డబ్బెక్కడిదని అడగాలి కదా. పార్కు నడపడానికయ్యే ఖర్చు పార్కే సంపాదించుకోవాలని మొదట్లోనే షరతు పెట్టారు. అందుకని అంచుల్లో కొంత జాగా అపార్టుమెంట్లకూ, ఒక హోటలుకీ ఇచ్చారు. పార్కు మొత్తంలో అది పదో వంతు కూడా ఉండదు. వాళ్లు కట్టే సొమ్ముతోనే గడ్డి కోయడం, స్తంభాలకు తొడుగులు వేయడం. దీని మీద పెద్ద గొడవే అయింది. పియర్ 1 పక్కన కట్టిన భవనం ఎత్తు వంతెన చూపుని కప్పేస్తోందని, పియర్ 6 దగ్గర టవర్లు అక్కర్లేదని స్థానికులు కోర్టుకెక్కారు. కేసులు నిలవలేదు, భవనాలు లేచాయి.

నా మాట అడిగితే, ఆ బేరం తప్పు కాదు, కానీ దాని వాసన మాత్రం తగులుతుంది. పియర్ 1 గేటు దాటగానే పచ్చికకి వెనక అద్దాల బాల్కనీలు పేర్చి ఉంటాయి. పార్కులో కూర్చున్నామా, ఎవరి పెరట్లోనో కూర్చున్నామా అని క్షణం అనుమానం వస్తుంది. అదృష్టం ఏమిటంటే, రెండొందల గజాలు నడిస్తే ఆ అనుమానం పోతుంది, ఎందుకంటే పియర్ 2 వస్తుంది.

పియర్ 2 కోసమే ఈ సమీక్ష రాస్తున్నాననుకోండి. మిగతా జెట్టీల మీద షెడ్లు తీసేశారు. ఇక్కడ గోడలు మాత్రమే తీసేసి ఇనుప స్తంభాలూ, దూలాలూ, పైకప్పూ అలాగే ఉంచారు. 2014లో తెరిచారు. ఆ కప్పు కింద బాస్కెట్‌బాల్ కోర్టులు, హ్యాండ్‌బాల్ గోడలు, స్కేటింగ్ రింకు, వ్యాయామం పరికరాలు. పియర్ 1 పచ్చిక మీద పర్యాటకులుంటే ఇక్కడ ఊరి పిల్లలుంటారు. చుట్టుపక్కల అన్ని పేటల నుంచీ వస్తారు, అన్ని రంగులవాళ్లూ. కోర్టు కోసం బయట వంతులు చూసుకుంటూ నిలబడతారు. బంతి నేలకి కొట్టుకునే చప్పుడు పైకప్పుకి తగిలి తిరిగి వస్తుంటుంది. షెడ్డు లోపల చప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. స్లింగు దిగేటప్పుడు వించి మూలుగు, హుక్కు చప్పుడు, మేస్త్రీ "ఆరియా" అని కేక. అదే గుల్ల, అదే మోత, మనుషులు మారారు. పని ఆగిన షెడ్డులో నిశ్శబ్దం ఉండకూడదని నాకు ఎప్పుడూ అనిపించేది. ఇక్కడ లేదు.

ఇంకోటి, ఎండైనా వానైనా ఈ పార్కులో తలదాచుకునే పెద్ద నీడ ఇదే. మా మనవడు ఒక మూల స్కూటరు తొక్కుకుంటుంటే నేనూ మా ఆవిడా స్తంభం పక్కన కూర్చుని పులిహోర తిన్నాం. ఎవరూ ఏమీ అనలేదు. పక్కనున్న ముసలాయన వాసన బాగుందన్నాడు, ఒక స్పూను పెడితే వద్దనకుండా తిన్నాడు. కారం ఎక్కువైందనుకుంటా, వెంటనే కుళాయి వైపు వెళ్లాడు.

పియర్ 3 గురించి రెండు మాటలు చాలు. 2018లో తెరిచారు, మధ్యలో పచ్చిక, పక్కన పొదలతో చేసిన చిన్న చిట్టడవి లాంటి ఆటచోటు, పిల్లలకు బాగుంటుంది. దాని ఒడ్డు వైపు లేపిన మట్టిగుట్ట మాత్రం గమనించండి. అందం కోసం పెట్టింది కాదు, చప్పుడు ఆపడానికి పెట్టింది. బ్రూక్లిన్ క్వీన్స్ ఎక్స్‌ప్రెస్‌వే ఇక్కడ గట్టుకి ఆనుకుని రెండంతస్తులుగా వేలాడుతుంటుంది, దాని నెత్తిన మూడో అంతస్తులో జనం నడిచే ప్రొమెనేడ్. లారీల రొద పగలంతా. గుట్ట లేని చోట నిలబడి, తరవాత గుట్ట ఇవతలికి వచ్చి వినండి, తేడా చెవులకే తెలుస్తుంది. పార్కంతా ఇలా ఉంటే బాగుండేది, కానీ లేదు. గుట్టలు లేని దారుల్లో ఫోన్ మాట్లాడాలంటే అరవాల్సిందే. పైనుంచి హెలికాప్టర్లు సరేసరి.

పియర్ 4 ఒకప్పుడు రైలు పెట్టెలను తెప్పల మీద వేసి హార్బర్ దాటించే చోటు. అది కూలిపోయి ఉంటే కూలినదాన్ని పక్షులకు వదిలేసి, ఒడ్డున కాస్త ఇసుక బీచ్ చేశారు. ఈత కొట్టనివ్వరు. మన రామకృష్ణా బీచ్ చూసినవాళ్లకు ఇది బీచ్ అని చెప్తే జాలిపడతారు, కానీ పిల్లలు నీళ్లలో రాళ్లు విసరడానికి సరిపోతుంది. వేసవిలో ఈ దగ్గరలోనే వాలంటీర్లు ఉచితంగా కయాక్ పడవలు ఎక్కిస్తారు. మా అల్లుడు ఎక్కాడు. నేను ఎక్కలేదు, ఆ ప్రవాహం వేగం చూశాక ఎక్కాలనిపించలేదు.

పియర్ 5 నాకు నచ్చనిది. 2012లో తెరిచిన ఫుట్‌బాల్ మైదానాలు, కింద కృత్రిమ పచ్చిక. ఆడేవాళ్లకు స్వర్గమే కావచ్చు, నడిచేవాళ్లకు మధ్యాహ్నం పూట నిప్పుల గుండం. నీడ లేదు. జెట్టీ అన్న జ్ఞాపకం కూడా లేదు. చివరిదాకా వెళ్తే తప్ప నీళ్ల మీద ఉన్నామని తెలియదు. దాని పక్కన పిక్నిక్ కోసం పెట్టిన చోటు మాత్రం మన కుటుంబాలకు పనికొస్తుంది. పొడవాటి బల్లలు, పక్కనే బొగ్గుల పొయ్యిలు, ముందొచ్చినవారికి ముందు, డబ్బు లేదు. శనివారం పొద్దున్నే ఒకరు వెళ్లి బల్ల పట్టాలి. మన రైలు బండిలో జనరల్ బోగీలో తువ్వాలు వేసిన అనుభవం ఇక్కడ అక్కరకొస్తుంది. మొక్కజొన్న పొత్తులు, పనీరు, వంకాయలు తీసుకెళ్లి కాల్చుకోండి. మాంసం తినేవాళ్ల పొయ్యి మీద వండడం మనసొప్పకపోతే అల్యూమినియం కాగితం పరుచుకుంటే సరి.

పియర్ 6 పూర్తిగా పిల్లలది. ఉయ్యాలల లోయ, జారుడుబల్లల కొండ, ఇసుక, వేసవిలో నీళ్లాట. మనవలున్నవాళ్లు ఇక్కడికొస్తే మళ్లీ కదలరు.

ఉత్తరం చివర, వంతెనకి అవతలి వైపు, 1922 నాటి గుర్రాల రంగులరాట్నం ఉంది. ఒహాయోలో మూతబడ్డ ఎమ్యూజ్‌మెంట్ పార్కు నుంచి వేలంలో కొనుక్కొచ్చి, జేన్ వాలెంటస్ అనే ఆవిడ ఏళ్ల తరబడి రంగులు గీకి మళ్లీ వేసింది. చుట్టూ అద్దాల గది కట్టి 2011లో ప్రజలకు ఇచ్చారు. మరుసటి ఏడాది శాండీ తుపాను వచ్చినప్పుడు నీళ్ల మధ్య దీపాలతో ఒంటరిగా నిలబడ్డ దాని ఫోటో అందరూ చూసే ఉంటారు. దీనికి టికెట్ ఉంది, పెద్ద ఖర్చేం కాదు. మా ఆవిడ ఎక్కింది, నేను సంచీ పట్టుకుని నిలబడ్డాను.

వంతెన కింద ప్లాజాకి ఎమిలీ వారెన్ రోబ్లింగ్ పేరు పెట్టారు. వంతెన కట్టే ఇంజినీరుకి నీటి అడుగున పునాది గదుల్లో పనిచేయడం వల్ల జబ్బు చేసి మంచాన పడితే, భార్య సైటుకి వెళ్లి పని నడిపించింది. 1883లో వంతెన తెరిచేదాకా ఆవిడే. ఇక్కడ పెద్దగా చూసేదేమీ లేదు. తలెత్తితే వంతెన అడుగు కనిపిస్తుంది. అది చాలు.

ఇక నాకు ఎక్కువ పట్టిన సంగతి ఒకటి మిగిలింది. పియర్ 6 చివర దక్షిణం వైపు చూస్తే పార్కు ఆగిపోయి, కంచె అవతల నిజమైన రేవు మొదలవుతుంది. రెడ్ హుక్ కంటైనర్ టెర్మినల్. పెద్ద క్రేన్లు, పేర్చిన పెట్టెలు. పార్కు ఈ చివరకి వచ్చేవాళ్లలో చాలామంది పిల్లల కోసం వచ్చి అటు వీపు పెట్టి కూర్చుంటారు. నేనైతే బెంచీ అటు తిప్పి ఉంటే బాగుండుననుకున్నాను. ఆ రేవు 122 ఎకరాలు 2024లో పోర్ట్ అథారిటీ నుంచి నగరం చేతికి మారింది. అందులో కొంత కొత్త రేవుగా ఉంచి, మిగతా జాగాలో వేల ఇళ్లు కట్టాలన్న ప్లాను మీద మళ్లీ అదే వాదన నడుస్తోంది. ఇళ్లు కావాలనేవాళ్లు, వద్దనేవాళ్లు, రేవు పోకూడదనేవాళ్లు.

నా ఓటు రేవుకే. పార్కు బాగుంది కదా అని పనిచేసే జెట్టీనంతా పార్కు చేసేస్తే, ఈ ఊరికి అరటిపళ్లూ బీరూ అన్నీ వంతెనల మీద లారీల్లోనే రావాలి. ఆ లారీలు వెళ్లేది కూడా ఇందాక చెప్పిన ఎక్స్‌ప్రెస్‌వే మీదే, పియర్ 3 గుట్ట ఎంత ఎత్తు పెంచినా ఆ మోత ఆగదు. చచ్చిపోయిన జెట్టీని పార్కు చేయడం ఒకటి, బతికున్నదాన్ని పార్కు కోసం చంపడం ఇంకొకటి. మా పాతబస్తీ వైపు, పోర్టు గోడ పక్కన కూడా రేపు ఇదే మాట వస్తుంది. అప్పుడు ఎవరైనా బ్రూక్లిన్ చూపించి మురిపిస్తే, పియర్ 1 ఫోటోతో పాటు పియర్ 6 కంచె ఫోటో కూడా చూపించమనండి.

వెళ్లే దారి చెప్పేస్తాను. జెర్సీ సిటీ నుంచైతే పాత్ రైలెక్కి వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో దిగి, అక్కడ్నుంచి ఏ లేదా సి సబ్‌వే పట్టుకుంటే నది దాటగానే హై స్ట్రీట్. దిగి పల్లానికి నడిస్తే వంతెన కిందికి చేరతారు. నడవగలిగినవాళ్లు వంతెన మీద నుంచే నడిచి రావచ్చు, రెండు కిలోమీటర్లు కూడా లేదు, కానీ సైగలు చేస్తూ ఫోటోలు తీసుకునేవాళ్ల మధ్య దారి చేసుకోవాలి. ఇంకా మంచిది, వాల్ స్ట్రీట్ దగ్గర పియర్ 11లో ఫెర్రీ ఎక్కి బ్రూక్లిన్ వైపు డంబో రేవులో దిగడం. రేవులోకి నీటి మీద నుంచి వస్తేనే అందం. బ్రూక్లిన్ హైట్స్ గట్టు మీంచి పియర్ 1కి దిగే నడక వంతెన కూడా ఉంది. 2013లో చెక్కతో కట్టారు, మరీ ఊగుతోందని మరుసటి ఏడాదే మూసేశారు, బాగుచేసి తెరిచారు, మళ్లీ మూశారు, చివరికి పీకేసి 2020లో స్టీలుతో కొత్తది వేశారు. ఇప్పుడది ఊగదు. పెద్దవాళ్లు నిశ్చింతగా దిగొచ్చు.

పార్కు పొద్దున ఆరింటి నుంచి రాత్రి ఒంటిగంటదాకా తెరిచే ఉంటుంది. దారులన్నీ చదునుగా ఉన్నాయి, వీల్‌చైరుకీ పిల్లల బండికీ ఇబ్బంది లేదు. టాయిలెట్లు పియర్ 2 దగ్గరా, పియర్ 6 దగ్గరా ఉన్నాయి, శుభ్రంగానే ఉన్నాయి. వంతెన దగ్గర పిజ్జా కొట్ల ముందు వారాంతం గంటల తరబడి లైను. ఆ లైనులో నిలబడే ఓపిక ఉంటే మీ ఇష్టం, నా సలహా మాత్రం ఇంటి నుంచి పెరుగన్నం డబ్బా. మే నెలలో కూడా స్వెట్టరు తెచ్చుకోండి, జెట్టీ చివర గాలికి నెలలతో పని లేదు.

మార్కులంటారా, ఐదుకి నాలుగు. ఒకటి పియర్ 5 నీడలేమికీ హైవే రొదకీ కోత. మనవలతో వెళ్తే పియర్ 6 నుంచి మొదలుపెట్టి ఉత్తరానికి నడవండి, పిల్లలు అక్కడే అలిసిపోతారు, మిగతా దారిలో బండిలో నిద్రపోతారు. ఇద్దరే వెళ్తే ఫెర్రీ దిగి పియర్ 1 నుంచి కిందికి రండి, పియర్ 2 కప్పు కింద భోజనం చేయండి, ఓపిక ఉంటే క్రేన్ల దాకా వెళ్లండి.